పెరటి మొక్కకూ నిదానమే ప్రధానం

నాడి చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చే గృహిణులలో కొందరు ఈ మధ్య తమ బాధలతో పాటు ఆకులు కూడా తెస్తున్నారు. చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్న తరువాత, సంచిలో నుంచి కాగితం పొట్లం తీసి, అందులోని వంగ ఆకునో, బెండ ఆకునో, ముడుచుకుపోయిన మిరప చిగురునో నా ముందు పెట్టి, "దీనికి కూడా ఏదైనా చెప్పండి" అని అడుగుతారు. మనుషులకు మందిచ్చేవాణ్ణి మొక్కలకు మందడగడమేమిటని మొదట్లో నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ ఆకును వెలుతురుకు పట్టి చూస్తున్నాను. ఆ మొక్కకు కాసిన కాయ రేపు ఆ ఇంటి పిల్లల కంచంలోకి వస్తుంది. ఆ మొక్క మీద చల్లిన మందు కూడా దాని వెంటే వస్తుంది. పథ్యం చెప్పే వైద్యుడికి ఆ పథ్యం పండే చోట ఏం చల్లుతున్నారో పట్టకపోతే ఎలా?

మాది గుంటూరు. వేసవి ముదిరేకొద్దీ నా బల్ల మీద ఈ పొట్లాలు పెరుగుతాయి. వాటిలో చాలావాటి మీద కనిపించే వ్యాధి ఒక్కటే: నల్లి. ఈ నల్లి విషయంలో మన ఇళ్ళలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయని నా అభిప్రాయం. మొదటిది, కారణం తెలుసుకోకుండా మందుతో ప్రారంభించడం. రెండవది, ఆకులతోనో వేళ్ళతోనో కాచిన మందైతే హాని చేయదని నమ్మడం. ఈ రెండు పొరపాట్లనూ నేను స్వయంగా చేశాను. రెండవదాని వల్ల నన్ను నమ్మిన ఒక ఇల్లాలు ఒక రాత్రంతా ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఆ సంగతి దాచకుండా చెప్పడమే ఈ వ్యాసానికి ముఖ్య కారణం.

నల్లి పురుగు కాదు

నల్లి అనగానే మనకు మంచాల్లో చేరి రక్తం పీల్చేది గుర్తుకు వస్తుంది. అది వేరు, ఇది వేరు. మంచపు నల్లికి ఆరు కాళ్ళు; అది కీటక జాతి. మొక్కల నల్లికి ఎనిమిది కాళ్ళు; అది సాలీడుకు, తేలుకు చుట్టం. గుడ్డులో నుంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే కాళ్ళుంటాయి. పెరిగేకొద్దీ మరో రెండు వస్తాయి. ఈ కాళ్ళ లెక్క నాకెందుకని పాఠకులు విసుక్కోవద్దు. కీటకాల కోసం తయారైన మందులు చాలావరకు ఈ ఎనిమిది కాళ్ళ జీవిపై పనిచేయకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

మన పెరళ్ళలో ముఖ్యంగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది ఎర్రనల్లి. పరిమాణంలో అర మిల్లీమీటరు. సూదిమొనతో పెట్టిన చుక్కంత. వంగ, బెండ, చిక్కుడు, టమాటా దీనికి ఇష్టం. గులాబీ, బంతి, బొప్పాయి మొక్కల మీద కూడా కాపురముంటుంది. ఆకు అడుగున చేరి, కణాలలోని సారాన్ని పీలుస్తుంది. ఆకు పై భాగాన తెల్లని, పసుపుపచ్చని సన్నని చుక్కలు తేలుతాయి. తరువాత ఆకు కంచురంగుకు తిరిగి ఎండిపోతుంది. ఉధృతి పెరిగితే ఆకుల మధ్య సాలెగూడు వంటి సన్నని దారాలు కనిపిస్తాయి.

రెండవది తెల్లనల్లి. ఇది మరీ సూక్ష్మం; భూతద్దం లేనిదే కంటికి ఆనదు. మిరప చిగుళ్ళు దీని నివాసం. దీని ఉనికిని మనం చూసేది ఆకు ఆకారంలోనే. ఆకు అంచులు కిందికి ముడుచుకుని, తిరగవేసిన పడవలా అవుతాయి, కాడలు సాగుతాయి. రైతులు దీనినే కిందిముడత అంటారు. అంచులు పైకి ముడుచుకుంటే అది పైముడత. తామర పురుగుల పని. ఈ రెంటికీ చికిత్స వేరు. కిందిముడతను పైముడత అనుకుని మందు చల్లినవారికి డబ్బు పోవడమే తప్ప గుణం కనిపించదు.

ఎర్రనల్లి సంగతి తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అనుమానమున్న ఆకు కింద తెల్ల కాగితం పట్టి, ఆకును వేలితో రెండుమూడుసార్లు తట్టండి. కాగితం మీద పడిన నలుసులను ఒక నిమిషం కదలకుండా చూడండి. దుమ్మైతే కదలదు. నల్లి అయితే మెల్లగా పాకుతుంది. పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఇంట్లో ఉంటే అంతకు మించిన సాధనం లేదు. మరొక్క మాట: ఈ నల్లులు మనుషులను కుట్టవు, మనుషుల మీద బతకవు. ఆ భయం అవసరం లేదు.

కారణం వెదకడమే చికిత్సకు మొదలు

పదమూడో ఏట నన్ను మా నాయనగారు మా గురువుగారి ఇంట అప్పగించి వచ్చారు. మొదటి రెండేళ్ళూ నాకు శ్లోకాలతో పాటు అప్పగించిన పని ఆయన మందుల తోటకు నీళ్ళు పెట్టడం. అడ్డసరం, వావిలి, నేలవేము, గుంటగలగర అక్కడే నాకు పరిచయమైనాయి. ఒకనాడు అడ్డసరపు ఆకులు పాలిపోవడం చూసి, పరుగున వెళ్ళి, "ఏం మందు వేయమంటారు గురువుగారూ?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "ముందు నువ్వేం చేశావో చెప్పరా" అన్నారు. నాలుగు రోజులుగా నీళ్ళు పెట్టకుండా గోళీలాటకు పోయాను. ఆ ఒక్క ప్రశ్న తరువాత నలభై ఏళ్ళ వైద్యంలో నాకు ఉపయోగపడినంతగా మరే పాఠమూ ఉపయోగపడలేదు.

మన శాస్త్రంలో రోగిని పరీక్షించే క్రమం చూడటం, తాకడం, అడగడం. చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అంటే వ్యాధికి కారణమైనదానిని తొలగించడం. మొక్కలకూ వైద్యమున్నదని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఉంది. సురపాలుని వృక్షాయుర్వేదం చెట్ల రోగాలను కూడా వాత పిత్త కఫాలుగా విభజించి చెప్పింది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో భద్రంగా ఉన్న దాని ప్రతిని ఆధారం చేసుకుని, 1996లో సికింద్రాబాదు నుంచి ఆంగ్లానువాదంతో ప్రచురించడం మనవారికి గర్వకారణం. ఆ గ్రంథాల నుంచి మనం ముఖ్యంగా నేర్వవలసింది ఏదో ఒక కషాయం పేరు కాదు. మొక్కను రోగిగా చూసే పద్ధతిని.

ఆ పద్ధతిలో అడిగితే, ఎర్రనల్లికి కారణాలు ఇవి. ఒకటి, ఎండ, పొడి గాలి. ముప్పై డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. ఒక్కొక్క ఆడనల్లి తన చిన్న జీవితంలో నూరు గుడ్ల దాకా పెడుతుంది. మగవాటితో కలవకపోయినా గుడ్లు పెడుతుంది. వాటి నుంచి మగవే పుడతాయి. అందుకే నిన్న రెండు ఆకుల మీద ఉన్నది నాలుగు వారాలలో తోటంతా కనిపిస్తుంది. రెండు, నీటి కొరత. దాహంతో ఉన్న మొక్క నల్లికి సులభంగా లొంగుతుంది. డాబా మీద, పిట్టగోడ వేడికి ఆనుకుని ఉన్న కుండీలలో ముందుగా నల్లి పట్టడం మీరు గమనించే ఉంటారు. మూడు, దుమ్ము. రోడ్డు పక్క ఇళ్ళలో ఆకుల మీద పేరుకున్న దుమ్ము నల్లికి అనుకూలం. నల్లిని తినే మిత్రజీవులకు ప్రతికూలం. నాలుగు, అతిపోషణ. ఆకులు నవనవలాడాలని యూరియా గుప్పిస్తే ఆ లేత సారం నల్లికి విందు. అజీర్ణం ఎందుకు వచ్చిందని అడిగినప్పుడు విందుభోజనం సంగతి దాచే రోగిలా, ఈ యూరియా సంగతి చాలామంది చివరిదాకా చెప్పరు. అయిదు, మనమే తెచ్చుకోవడం. నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్క ఆకు తిరగవేసి చూడకుండా పాత మొక్కల పక్కన పెడతాం. తోడు నల్లి వస్తుంది.

తెల్లనల్లి స్వభావం కొంత వేరు. దానికి మరీ ఎండ పడదు; కొంత తేమ, చల్లదనం ఉన్న రోజులు అనుకూలం. తెల్లదోమ కాళ్ళు పట్టుకుని ఒక మొక్క నుంచి మరొక మొక్కకు ప్రయాణం చేస్తుంది. కనుక మిరపకు కిందిముడత కనిపిస్తే తెల్లదోమ సంగతి కూడా చూడాలి.

ఆరో కారణం మనం చల్లే మందు. దానిని విడిగా చెప్పాలి.

నా మొదటి పొరపాటు

కొన్నేళ్ళ క్రితం మా పెరట్లో ఎనిమిది వంగ మొక్కలుండేవి. వాటికి పేనుబంక పట్టింది. నీళ్ళతో కడిగితే పోయేదానికి, ఓపిక లేక, దుకాణంలో ఇచ్చిన పురుగుమందు తెచ్చి రెండుసార్లు చల్లించాను. పేనుబంక పోయింది. మూడో వారానికి ఆకులన్నీ కంచురంగుకు తిరిగి, సాలెదారాలు అల్లుకున్నాయి. మందు చాలలేదేమోనని మళ్ళీ చల్లించాను. నల్లి మరింత పెరిగింది. చివరకు ఆ మొక్కలన్నీ పీకవలసి వచ్చింది.

జరిగిందేమిటో తరువాత తెలిసింది. ఎర్రనల్లిని తినే జీవులు మన పెరళ్ళలోనే ఉంటాయి. గుండ్రని చిన్న నల్లని అక్షింతల పురుగు ఒకటి కేవలం నల్లులనే తిని బతుకుతుంది. తోటి నల్లులనే వేటాడి తినే నల్లులున్నాయి. కీటకాల మందు అక్షింతల పురుగులను చంపింది. ఎనిమిది కాళ్ళ శత్రువుకు తగినంత హాని చేయలేదు. కాపలావాళ్ళను పంపించి దొంగకు తలుపు తీసినట్లయింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ల వంటి కొన్ని మందులు చల్లిన చోట నల్లి విజృంభించడం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు బాగా తెలిసిన సంగతే. దోమల కోసం ఇంట్లో కొట్టే స్ప్రేలలో కూడా ఎక్కువగా ఉండేది ఈ జాతి మందే. కనుక దానిని కూర మొక్కల మీద కొట్టడం ఏ విధంగా చూసినా తగదు.

ఈ సందర్భంలోనే మరొక హెచ్చరిక. ఒకప్పుడు నల్లి మందుగా పేరుపొందిన డైకోఫాల్‌ను 2019లో స్టాక్‌హోం ఒడంబడిక కింద ప్రపంచమంతటా తొలగించవలసిన రసాయనాల జాబితాలో చేర్చారు. మన దేశంలో 2023లో దానిని నిషేధించారు. ఎవరి ఇంట్లోనైనా అటక మీద పాత సీసా మిగిలి ఉంటే, ఉన్నది కదా అని కూరగాయల మీద చల్లవద్దు.

నా రెండవ పొరపాటు

వంగ మొక్కలు పోయిన తరువాత నేను రెండో చివరకు వెళ్ళాను. రసాయనం వద్దు, మన ఆకుమందే మేలని అడిగిన వారందరికీ చెప్పసాగాను. మాది పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమున్న ఊరు. పొగాకుకు కొదవ లేదు. పొగాకు కషాయం చల్లితే అన్ని పురుగులూ పోతాయని పెద్దలు చెప్పగా విన్నదే. మాకు ఆప్తులైన ఒక కుటుంబంలోని ఇల్లాలు తన డాబా మీది చిక్కుడు పాదుకు నల్లి పట్టిందని అడిగితే, ఆ కషాయమే చెప్పాను. కొలత చెప్పాను. జాగ్రత్త చెప్పలేదు.

ఆమె నేను చెప్పినట్లే పొగాకు కాచింది. వంటింట్లో, వంట గిన్నెలోనే. ఉత్త చేతులతో పిండి వడకట్టింది. సాయంత్రం గాలికి ఎదురుగా నిలబడి చల్లింది. తుంపర చేతుల మీద, ముఖం మీద పడింది. గంట తిరగకుండా కళ్ళు తిరగడం, వాంతులు, చల్లని చెమటలు. భర్త ఆమెను నా దగ్గరకు తీసుకువచ్చాడు. నాడి చూడగానే సంగతి అర్థమై, నా దగ్గర కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి పంపాను. నేనూ వెంట వెళ్ళాను. తెల్లవారేసరికి కోలుకుంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఆకుమందే కదా బాబాయిగారూ, హాని చేయదన్నారు కదా?" అంది. నిందగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి ప్రవేశిస్తుంది. తడిసిన పచ్చి పొగాకు కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు రావడానికి కారణం అదే. నికోటిన్ సల్ఫేటును పురుగుమందుగా వాడటం మన దేశంలో నిషిద్ధం. చట్టం కూడదన్న విషాన్ని మనం వంటింట్లో కాచి, దానికి ప్రకృతి వైద్యమని పేరు పెడుతున్నాం. అంతేకాదు, పొగాకు ఆకు నుంచి వచ్చే మొజాయిక్ వైరస్ మిరపకు, టమాటాకు సోకగలదు. చుట్ట, బీడీ పట్టిన చేతులు కడుక్కోకుండా ఆ మొక్కలను తాకకూడదని తోటమాలులకు చెప్పడం ఇందుకే. పైగా ఈ కషాయం మిత్రకీటకాలను కూడా మిగల్చదు.

సక్రమంగా వాడితే విషమే మందవుతుంది, అక్రమంగా వాడితే మందే విషమవుతుందని చరకుడు మనకు చెప్పిన విషయమే. నేర్చుకున్న నేను మరచిపోయాను. మన పత్రికలలో గృహచిట్కాలు రాసే నా తోటి వైద్యులకు సవినయంగా మనవి చేస్తున్నాను: పొగాకు కషాయాన్ని, ఉమ్మెత్త రసాన్ని, గన్నేరు ఆకుల కషాయాన్ని కూరగాయల మొక్కలకు చెప్పడం మానుదాం. ఇవి చెట్టు నుంచి వచ్చినవే. విషాలు కూడా.

చేయవలసిన క్రమం

మందుల దుకాణానికి వెళ్ళే ముందు మనకు చాలా మెట్లున్నాయి. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, గుణం కనిపించిన చోట ఆగిపోవాలి.

మొదటిది ఏరివేత. బాగా పట్టిన ఆకులను తుంచి, అక్కడే పారవేయకుండా, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి రెండు రోజులు ఎండలో ఉంచి అప్పుడు చెత్తలో వేయండి. ఎరువుగుంటలో వేయవద్దు. నల్లి తన సన్నని దారం పట్టుకుని గాలికి ఎగిరిపోగలదు. మన చేతుల మీద, బట్టల మీద కూడా ప్రయాణం చేస్తుంది. అందుచేత ఆరోగ్యంగా ఉన్న మొక్కల పని ముందు, జబ్బు మొక్కల పని చివర చేసి, చేతులు కడుక్కోవాలి. అంటువ్యాధి ఉన్న ఇంట్లో పాటించే నియమమే ఇదీను.

రెండవది స్నానం. వరుసగా మూడు నాలుగు ఉదయాలు గొట్టంతో ఆకుల అడుగుభాగాన్ని బలంగా కడగండి. పైన కడిగితే ప్రయోజనం లేదు. నల్లి ఉండేది అడుగున. ఒక చేత్తో కొమ్మ వంచి పట్టుకుని, మరొక చేత్తో కింది నుంచి పైకి నీరు కొట్టాలి. దుమ్ము, దారాలు, నల్లులు, చాలావరకు గుడ్లు కొట్టుకుపోతాయి. వేళ్ళకు కూడా క్రమం తప్పకుండా నీరందాలి. మట్టి మీద ఎండుటాకులు కప్పి తేమ నిలపాలి. మధ్యాహ్నపు ఎండ తీవ్రంగా ఉంటే పాత చీర కట్టి నీడ పట్టవచ్చు. యూరియా ఆపివేయాలి. ఎర్రనల్లి మొదటి దశలో ఉంటే చాలాసార్లు ఇంతటితోనే తగ్గుతుంది.

మూడవది వేపనూనె. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నీటిలో కలవదు కనుక కొద్దిగా కుంకుడు రసం గాని, మెత్తని ద్రవ సబ్బు చెంచాలో నాలుగవ వంతు గాని ముందుగా నూనెలో కలిపి, తరువాత నీరు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. బట్టల సోడా, సర్ఫు వాడకూడదు, ఆకు మాడుతుంది. వేపనూనె దొరకని చోట వేపగింజల పప్పు పొడి 50 గ్రాములు లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో వడకట్టి చల్లవచ్చు. ముందుగా ఒక్క ఆకు మీద చల్లి రెండు రోజులు ఆగి చూడండి. మాడకపోతే మొక్కంతటికీ చల్లండి. ఎండ తగ్గిన తరువాత సాయంత్రమే చల్లాలి. అడుగుభాగం తడవాలి. గుడ్లు ఈ మందుకు పూర్తిగా లొంగవు కనుక, పిల్లలు బయటికి వచ్చే సమయానికి, అంటే అయిదారు రోజులకొకసారి, మూడుసార్లు చల్లాలి. ఒక్కసారి చల్లి "వేప పనిచేయలేదు" అనేవారు మూడు రోజులు వాడవలసిన మందును ఒక పూట వేసుకుని మానేసిన రోగి వంటివారు.

వేప కూడా మందే కనుక దానికీ జాగ్రత్త ఉంది. వేపనూనె సీసా పిల్లలకు అందకుండా ఉంచాలి. పసిపిల్లల కడుపులోకి పోతే అది ప్రాణాపాయం. చల్లిన తరువాత మూడు నాలుగు రోజులు ఆగి కాయలు కోసి, బాగా కడిగి వండండి.

నాలుగవది, చివరిది గంధకం. మా రసశాస్త్రంలో ఉపరసాలలో మొదట చెప్పేది దీనినే. శాస్త్రం పామ అని పిలిచే గజ్జికి గంధకం పూయడం మా గురువుగారి కాలం నుంచీ ఉన్నదే; ఆధునిక వైద్యంలోనూ గంధకపు లేపనం ఉంది. గజ్జిని కలిగించేది కూడా ఎనిమిది కాళ్ళ సూక్ష్మజీవే, మన పెరటి నల్లికి దూరపు చుట్టమేనని తెలిసిననాడు నేను చాలాసేపు ఆశ్చర్యంలో ఉండిపోయాను. మనిషి చర్మం మీద, మిరప ఆకు మీద ఒకే ద్రవ్యం ఒకే జాతి జీవిని అణచుతోంది. అయితే పచారీ కొట్టులో దొరికే గంధకపు గడ్డ మొక్కకు పనికిరాదు, నీటిలో కలవదు. శుద్ధి చేసిన ఔషధ గంధకం కూడా ఇందుకు కాదు. ఎరువుల దుకాణంలో నీటిలో కలిసే గంధకపు పొడి అని అడిగి, లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి చల్లాలి. మిరపలో తెల్లనల్లికి, వంగలో ఎర్రనల్లికి రెంటికీ పనిచేస్తుంది.

దీనికి నాలుగు నిషేధాలు. ఎండ తీవ్రంగా ఉన్న రోజులలో చల్లితే ఆకు మాడుతుంది. వేపనూనె చల్లిన తరువాత కనీసం రెండు వారాలు గడవనిదే గంధకం చల్లకూడదు. రెండూ కలిస్తే మొక్కకు హాని. బీర, సొర, దోస, గుమ్మడి వంటి తీగలలో చాలావాటికి గంధకం పడదు. ఉబ్బసమున్నవారు చల్లకూడదు, మిగతావారు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకుని, కళ్ళలో పడకుండా చూసుకోవాలి. గంధకం వాడితే నల్లిని తినే మంచి నల్లులకు కూడా కొంత దెబ్బ తగులుతుంది. అందుకే చివరి మెట్టులో ఉంచాను. ఇక గంధకాన్ని నిప్పుల మీద వేసి ఇంట్లోనో డాబా మీదనో పొగపెట్టడం ఎంతమాత్రం కూడదు. ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం.

అసాధ్య వ్యాధి

వ్యాధులను సాధ్యం, అసాధ్యం అని విభజించమని శాస్త్రం చెప్పింది. అసాధ్యమైనదానికి ధనాశతో వైద్యం చేయవద్దనీ చెప్పింది. చిగురు దాకా సాలెదారాలు అల్లుకున్న బెండ మొక్కను బతికించడానికి నెల రోజులు మందులు చల్లడం అలాంటిదే. ఆ నెలలో అది చుట్టుపక్కల మొక్కలన్నింటికీ జబ్బు అంటిస్తుంది. దానిని నిర్మొహమాటంగా పీకి, సంచిలో కట్టి, ఆ కుండీలో వేరే జాతి మొక్క పెట్టండి. పెంచిన చేతులకు కష్టంగానే ఉంటుంది. పది రూపాయల విత్తనం కోసం ఇంటిల్లిపాదీ తినే కూరను విషతుల్యం చేసుకోవడం కంటే ఆ కష్టమే మేలు.

వానలు పడగానే ఎర్రనల్లి చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. కనుక మే నెలాఖరులో నల్లి చూసి బెంబేలెత్తవద్దు. కడుగుతూ కాలం గడిపితే ప్రకృతే మిగతా వైద్యం చేస్తుంది.

మన తెలుగులో నిదానమంటే రెండు అర్థాలు. వైద్యులకు అది రోగకారణం. మిగతా అందరికీ అది తొందరపడకపోవడం. నిదానమే ప్రధానమని పెద్దలన్న మాటలో ఈ రెండు అర్థాలూ ఇమిడి ఉన్నాయని నాకు ఈ వయసులో అనిపిస్తున్నది. కారణం తెలుసుకోవాలంటే తొందర పనికిరాదు.

నాడు ఆసుపత్రిలో నన్ను ఆ ప్రశ్న అడిగిన ఇల్లాలు ఇప్పటికీ చిక్కుడు పెంచుతున్నది. వేసవి మొదలు కాగానే ప్రతి ఉదయమూ ఆకులు తిరగవేసి చూస్తుంది, అడుగు కడుగుతుంది. పోయిన ఏడాది ఒకనాడు గుప్పెడు చిక్కుడుకాయలు మా ఇంటికి తెచ్చి, "ఏమీ చల్లలేదు బాబాయిగారూ, నీళ్ళే" అని చెప్పి పెట్టి వెళ్ళింది. ఇప్పుడు ఎవరైనా ఆకు పొట్లం నా బల్ల మీద పెడితే మందు పేరు చెప్పడం లేదు. మా గురువుగారి ప్రశ్ననే కాస్త మర్యాదగా అడుగుతున్నాను: "ముందు మీరేం చేశారో చెప్పండమ్మా."